మైకులో ఇచ్చిన మాట

ఆ బస్టాండులో బోర్డు చదివి బస్సెక్కేవాళ్ళు తక్కువ. చదువు రాక కాదు, అవసరం లేక. "ప్రయాణికులకు మనవి" అని పైనున్న స్పీకర్లలో ఒక గొంతు మొదలుపెడితే చాలు, కునికేవాడు లేచి కూర్చునేవాడు, టీ తాగేవాడు గ్లాసు దించేవాడు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది అసలు రానే రాదో ఆ గొంతు చెబితే ఇక తిరుగు లేదు. ఇంట్లో మేనమామ చెబుతున్నట్టు దగ్గరగా, నిదానంగా, నమ్మకంగా ఉండేది. ఆ గొంతు గల మనిషిని ఊరంతా మైకు అనే పిలిచేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సంతకం చేసేటప్పుడు తప్ప ఆయనకే గుర్తుండేది కాదు.

ఈ కథ మైకుది కాదు, ఆయన భార్యది. ఆయనదే అయితే ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేసి ఉండేవాళ్ళు. గొంతున్నవాడి కథంటే మన జనం చెవి కోసుకుంటారు.

బస్టాండుకి ఎదురుగా, తాళాలు బాగుచేసే కొట్టుకీ ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న గదిలో ఒక ఆల్టరేషన్ షాపు ఉండేది. లోపల ఎదురెదురుగా రెండు కుట్టుమిషన్లు, గోడకి ఒక నిలువుటద్దం, మూలన ఆవిరి ఇస్త్రీపెట్టె. ఒక మిషను మీద మైకు భార్య, రెండోదాని మీద మైకు అక్క. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కుట్టారు. కొత్త బట్టలు కుట్టరు. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగింది చిరిగినట్టు కనబడకుండా చేయడం వాళ్ళ పని. అందులో భార్యది తిరిగిన చేయి. ఆమె వేసిన కుట్టు భూతద్దం పెట్టి వెతికినా దొరకదని, వచ్చేపోయేవాళ్ళు ఆమెకు సన్నకుట్టు అని పేరు పెట్టారు.

కోటు లోపలెక్కడో తెగితే కోటంతా విప్పక్కర్లేదు. కోటు చేతి లోపలి అస్తరు గుడ్డ కుట్టును బెత్తెడు విప్పి, ఆ సందులోంచి కోటు మొత్తాన్ని లోపలిది బయటికి లాగి, చేయవలసిందేదో చేసి, మళ్ళీ అదే సందులోంచి తిరగేసి, ఆ బెత్తెడూ కుట్టేస్తే సరి. వేసుకున్నవాడికి కూడా తెలియదు. సన్నకుట్టు ఇందులో దిట్ట. విప్పిన సందు మూయకుండా మాత్రం ఆమె ఏ కోటునీ గడప దాటనివ్వలేదు. అదొక పట్టింపు ఆమెకి.

కూతురు చదువు ముగించి వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరిన ఏడాది, నెలసరి కాని రోజుల్లో సన్నకుట్టుకి రక్తం కనబడడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర ఎన్నాళ్ళు దాస్తుంది? మాటిమాటికీ లేచి వెళ్ళడం వదిన చూడనే చూసింది.

"ఏమయిందే నీకు? మిషను మీద ముళ్ళున్నాయా?" అంది ఒకరోజు.

సన్నకుట్టు చెప్పింది. వదిన అప్పటికప్పుడు కత్తెర పక్కన పడేసి, షాపు తలుపు దించి, ఆమెను ఆడవాళ్ళ ఆసుపత్రికి లాక్కుపోయింది. పరీక్ష గది బయట నీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. ఈ మాట చెప్పి తీరాలి. తర్వాత ఆవిడ చేసిన నిర్వాకానికి ఇది చెల్లు కాదు, అయినా చెప్పాలి.

ఫలితం వినడానికి మాత్రం మొగుడూ పెళ్ళాలే వెళ్ళారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర చిన్న గడ్డ ఉందనీ, కేన్సరేననీ, కానీ తొలిదశలోనే దొరికిందనీ డాక్టరమ్మ చెప్పింది. మైకు గొంతు సవరించుకుని, "పెద్ద కోత కోస్తారా అమ్మా?" అని అడిగాడు.

"ముందు లోపలి నుంచే రేడియేషన్ ఇస్తాం. సన్నటి గొట్టాలు గడ్డ పక్కదాకా పంపి, అక్కడికే తగిలేటట్టు. దాంతో గడ్డ కరుగుతుంది. కొన్ని వారాలు ఆగి, పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ గర్భసంచినీ పక్కనున్న గ్రంథుల్నీ తీసేస్తాం. అందరికీ ఇలా కుదరదు. మీ గడ్డ చిన్నది, తొందరగా వచ్చారు, అందుకని."

సన్నకుట్టు అంతదాకా నేల చూస్తున్నదల్లా తలెత్తింది. "అస్తరు విప్పినట్టా అమ్మా?" అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. సన్నకుట్టు చేతులు తిప్పుతూ కోటు సంగతి చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, "ఇంచుమించు అంతే. కాకపోతే మీరు ఒకచోట విప్పుతారు, మేము నాలుగుచోట్ల," అంది. సన్నకుట్టుకి సగం భయం అక్కడే పోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికి అనుకుంది. గర్భసంచి పోతుందంటే ఒక్క క్షణం కడుపు మీద చెయ్యి పెట్టుకుంది గానీ, కూతురు ఎదిగి ఉంది కాబట్టి ఏడవలేదు.

"ఇది అసలు దేనివల్ల వస్తుంది?" అని మైకే అడిగాడు. ఎవరూ అడగమనలేదు.

"ఎక్కువగా ఒక వైరస్ వల్ల. ఆడామగా కలయికలో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఎంతోమందికి వస్తుంది, చాలామందిలో దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా ఉంటుంది. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేరు. ఎవరి తప్పూ కాదు. ఆ తగాదా మాత్రం ఇంట్లో పెట్టుకోకండి."

మైకు బల్ల మీదున్న నీళ్ళు అడక్కుండానే తీసుకుని తాగాడు.

వారం తిరక్కముందే, ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికొచ్చిన ఒక టీచరమ్మ కబుర్లలో కబురుగా ఆ రోగం ఎలా వస్తుందో వదిన చెవిన వేసింది. సగం చెప్పింది. తప్పెవరిదో తేల్చలేమన్న రెండో సగం ఆమెకీ తెలియదు. మర్నాడు సన్నకుట్టు టీ గ్లాసు మిగతా గ్లాసుల్లోంచి విడిపోయి కిటికీలో ఒంటరిగా కూర్చుంది. వదిన ఏమీ అనలేదు. అననే లేదు, అదే కష్టం. సన్నకుట్టు ఇంటికొచ్చి, "వదిన చూపు మారిందండీ," అంది. మైకు చొక్కా గుండీలు విప్పుకుంటూ విననట్టు ఊరుకున్నాడు.

రేడియేషన్ గదిలో సన్నకుట్టు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. గోడలు మందం, తలుపు బరువు. లోపల మరో మనిషి ఉండకూడదు. నర్సు బయటి నుంచి అద్దంలో చూస్తూ మైకులో మాట్లాడుతుంది, గోడ మీది స్పీకరులో వినబడుతుంది. మిషను సన్నగా గుర్రుమంటూంటే సన్నకుట్టు కిటికీ తెర అంచు కేసి చూసింది. ఎవడో దాన్ని కుక్క పీకినట్టు కుట్టాడు. లేచి వెళ్ళి విప్పి మళ్ళీ కుట్టాలని చేతులు దురదపెట్టాయి.

అప్పుడు స్పీకరులో నర్సు గొంతు బదులు ఊరందరికీ తెలిసిన గొంతు వినబడింది. బస్టాండు మైకు అని గుర్తుపట్టి, నర్సు ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి పక్కకి వెళ్ళిందట.

"వినబడుతోందా?" అన్నాడు. "నేను చెప్పేది విను. మొహం చూస్తూ చెప్పలేను. పెళ్ళయిన కొత్తలో నన్ను నది అవతలి బస్టాండుకి వేశారు గుర్తుందా? అక్కడ ఒకావిడ ఉండేది. చాలాకాలం. డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు తిండి సహించడం లేదు. డాక్టరమ్మ తేల్చలేమంటుంది గానీ, నాకు తెలుసు కదా నా సంగతి. నీవైపు నుంచి అయితే కాదు. నువ్వు మాట పడాల్సిన పని లేదు. ఇంటికొచ్చాక అక్కకి నేనే చెప్తాను. మాటిస్తున్నాను."

సన్నకుట్టుకి కన్నీళ్ళు వచ్చాయి. తల తిప్పకూడదు కాబట్టి అవి చెవుల్లోకి కారాయి. కోపం రాలేదా అంటే వచ్చింది, ఒళ్ళంతా మండింది. కానీ ఆ గదిలో ఒక్కతే పడున్న మనిషికి నిజం చెప్పే గొంతు ఒకటి దొరికింది. తప్పు చేసినవాడు తానే వచ్చి ఒప్పుకున్నాడు, అక్క ముందు ఒప్పుకుంటానని కూడా అన్నాడు. లోకంలో ఎందరు మగవాళ్ళు అంతమాట అంటారు? ఆ గొంతు ఇన్నేళ్ళలో ఎప్పుడూ బస్సు తప్పు చెప్పలేదు.

"సరేలెండి," అంది పైకప్పు కేసి చూస్తూ.

వారాలు గడిచాక ఆపరేషన్ అయింది. తీసినదాన్ని పరీక్ష చేయిస్తే గడ్డ ఆనవాలు కూడా మిగల్లేదని డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. రేడియేషన్ దాని పని అది చేసింది, రంధ్రాల పని రంధ్రాలు చేశాయి. నాలుగు అన్నారు, నాలుగే పెట్టారు. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా చెప్పినట్టే జరిగింది.

ఇంటికొచ్చాక సాయానికని వదిన వచ్చింది. పట్టీ మార్చేటప్పుడు పొట్ట మీద చూసి ఆగిపోయింది. కందిగింజంత మచ్చలు, నాలుగు.

"ఇదేనా?" అంది.

"ఇదే వదినా."

"కేన్సరంటే పొట్ట ఈ చివర్నించి ఆ చివరికి కోస్తారు. మా పక్కింటావిడని నేను చూశాను, గుమ్మడికాయ కోసినట్టు కోశారు. జుట్టంతా ఊడిపోయింది. నీకు వెంట్రుక రాలలేదు." వదిన పట్టీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. "నిజం చెప్పు. ఇది కేన్సరేనా? ఇంకేదో తెచ్చుకుని దానికి కేన్సరని పేరు పెట్టావా?"

చూశారా విడ్డూరం. గొడ్డలితో నరికి ఉంటే అందరూ పక్కన కూర్చుని ఏడ్చేవాళ్ళు. డాక్టరమ్మ చెయ్యి మంచిదవడమే సన్నకుట్టు కొంప ముంచింది. కుట్టు కనబడకపోతే పని జరగనట్టేనని, జీవితమంతా కనబడని కుట్లు వేసిన వదినే అంది. సన్నకుట్టు వాదించలేదు. ఆయన చెబుతాడు కదా, ఆయన మాట వింటే వదినే వచ్చి చెయ్యి పట్టుకుంటుంది అనుకుంది. పాపం.

ఆమె లేచి తిరుగుతున్నాక వదిన తన ఇంట్లో అందర్నీ భోజనానికి పిలిచింది. అందరంటే వదిన, వదిన మొగుడు, మైకు, సన్నకుట్టు. భోజనాలయ్యాయి. వదిన చేతులు తుడుచుకుంటూ తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు. ఈ రోగం ఎలా వస్తుందో నాకు తెలిసింది. నువ్వు చూస్తే నిప్పులాంటి వాడివి. మరి దీనికి ఎక్కడి నుంచి వచ్చింది? నిప్పు లేకుండా పొగ రాదు కదా."

వదిన మొగుడు గోడ గడియారం కేసి చూశాడు. సన్నకుట్టు మాత్రం భయపడలేదు. తల ఎత్తి మొగుడి కేసి చూసింది. ఇదిగో, ఇప్పుడు. మైకు గొంతు సవరించుకున్నాడు. బస్సు పేరు చెప్పేముందు సవరించుకున్నట్టే, అదే తీరు.

"అక్కా," అన్నాడు, ఆ నిదానమైన, దగ్గరైన, నమ్మకమైన గొంతుతో. "ఇప్పుడవన్నీ తవ్వుకోవడం దేనికి? ప్రాణం దక్కింది, అది చాలు. నేనైతే దాన్ని ఎప్పుడో క్షమించేశాను."

"నువ్వు దేవుడివిరా," అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. వదిన మొగుడు లేచి వచ్చి బావమరిది భుజం తట్టాడు.

సన్నకుట్టు లేచి చెప్పులు వేసుకుంది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది, ఆ రోజు తెలిసింది. ఊరుకుని ఉంటే పిరికివాడు అనుకునేది, పోనీ అనుకునేది. ఊరుకోలేదు. తన తప్పు తీసి ఆమె నెత్తిన పెట్టి, పైగా క్షమించాడు. గుడ్డ కాల్చి మొహాన వేస్తే మసి తుడుచుకోవలసింది ఎవరు?

ఇంటి తలుపు వేశాక అడిగింది. "నాకేమని మాటిచ్చారు?"

"అప్పుడు నువ్వు బతుకుతావో లేదో తెలియదు," అన్నాడు మైకు చెప్పులు విడుస్తూ. "నీకు ధైర్యంగా ఉంటుందని అన్నాను. ఇప్పుడు బతికావు కదా, ఇంకేం కావాలి? నా గొంతు మీద బతికే ఉద్యోగం. రేపు నేను మైకు పట్టుకుంటే జనం నవ్వరా?"

"మరి నన్ను చూసి నవ్వితే?"

"నీదేముంది, గదిలో కూర్చుని కుట్టుకునేదానివి."

ఏరు దాటి తెప్ప తగలేశాడు. అది కూడా ఆమెను తెప్ప మీదే ఉంచి.

మళ్ళీ చూపించుకోవలసిన రోజున ఆమె మొగుణ్ణి పిలవలేదు. "వదినా, నువ్వు రా. డాక్టరమ్మ నోటితోనే విను," అంది. వదిన వచ్చింది. మొదట అడిగింది మచ్చల గురించే. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ముందే కరిగించి చిన్న దారిన తీసినందుకు మచ్చ చిన్నదనీ, రేడియేషన్ ఆ ఒక్కచోటే ఇచ్చినందుకు జుట్టు రాలలేదనీ, ఇది నిజం కేన్సరేననీ, ఎవరి నుంచి వచ్చిందో దేవుడు కూడా చెప్పలేడనీ. "మీరు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి," అంది చివర్న. వదిన తల వంచుకుని వింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక సన్నకుట్టు అంతా చెప్పింది. నది అవతలి ఊరు, అక్కడి ఆవిడ, గోడ మీది స్పీకరు, ఇచ్చిన మాట. చెప్పి, వదిన మొహం కేసి చూసింది. ఆశ్చర్యం కోసం వెతికింది. అక్కడ లేదు.

"నీకు తెలుసా?" అంది.

వదిన చేతిసంచీ పట్టీ వేళ్ళకి చుట్టుకుంది. "తెలుసు. అప్పుడే తెలుసు. నేనే వెళ్ళి వాణ్ణి అక్కణ్ణించి లాక్కొచ్చాను. వాళ్ళ పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఇక్కడికి వేయించాను."

"తెలిసే నన్ను అడిగావా? అందరి ముందూ?"

"ఎవరో ఒకరు అనుకునేలోపు నేనే అంటే, వాడి వైపు ఎవరూ చూడరు కదా." వదిన గొంతు తగ్గించింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా. వాడు నా తమ్ముడు. వాడు నలుగురిలో తిరిగేవాడు. నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావు."

సన్నకుట్టు వదిన కేసి చూసింది. ఏళ్ళ తరబడి ఎదురుగా కూర్చుని కుట్టిన మొహం అది. దారం తెగితే అందించిన చేతులు అవి. ఆ రోజు షాపు మూసేసి తనను ఆసుపత్రికి లాక్కొచ్చినప్పుడు కూడా ఆ తల లోపల ఈ సంగతి ఉంది. డాక్టరమ్మ లోపలున్నదాన్ని కరిగించింది, మిగిలినదాన్ని తీసేసింది. దీన్ని ఏ దారిన తీయాలో ఆమెకి తెలియలేదు.

"నా తప్పు లేదని చెప్పమన్నాను, అంతే," అంది చివరికి. "ఆయన తప్పని ఎవరికీ చెప్పమనలేదు. నాది కాదని ఒక్కమాట. అదీ మీ ఇద్దరికీ బరువైపోయింది."

ఆమె షాపుకి వెళ్ళింది. మైకు యూనిఫారం కోటు ఆమె మిషను మీదే ఉంది. లోపలి జేబు తెగితే బాగుచేయడానికి ముందు రోజే చేతి అస్తరు బెత్తెడు విప్పింది. జేబు కుట్టడం కూడా అయింది. మూయడం ఒక్కటే మిగిలింది. ఆమె సూదిలో దారం ఎక్కించింది, కాసేపు పట్టుకుంది, మళ్ళీ తీసేసింది. కోటు మడిచి చేత పట్టుకుని, తన కత్తెరను సంచీలో వేసుకుని, రోడ్డు దాటి బస్టాండులోకి నడిచింది. వదిన వెనకే వచ్చింది, ఏమవుతుందోనని.

మైకు కూర్చునే గది అద్దాల గది. ఇద్దర్నీ చూసి ఆయన ముందు మైకు మీట ఆఫ్ చేశాడు. ఆగిందో లేదో మళ్ళీ చూశాడు. అదీ చాలక దాని మీద చెయ్యి కూడా కప్పాడు.

"మీ అక్క ఇక్కడే ఉంది," అంది సన్నకుట్టు. "మైకు ఆపే ఉంది. బయటివాళ్ళెవరూ వినరు. ఆ రోజు నాకు చెప్పింది ఇప్పుడు చెప్పండి. ఒక్కసారి."

ఆయన అక్క కేసి చూశాడు, అక్క నేల కేసి చూసింది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ నిలబడిపోయారు. గొంతు సవరించుకున్నాడు. సవరించుకోవడం అయిపోయింది, మాట రాలేదు.

సన్నకుట్టు కోటు బల్ల మీద పెట్టింది. "చేతి లోపల విప్పి ఉంది. నేను కుట్టలేదు," అని చెప్పి బయటికి వచ్చింది.

ప్లాట్‌ఫారాల మీద జనం సంచీల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. కూతురి ఊరికి వెళ్ళే బస్సు సాయంత్రం ఇక్కణ్ణించే కదులుతుందని ఆమెకి తెలుసు. కాసేపటికి పైన స్పీకర్లు గరగరలాడాయి. "ప్రయాణికులకు మనవి" అంది ఆ గొంతు, ఎప్పటిలాగే నిదానంగా, ఒక్క వణుకైనా లేకుండా. కూతురి ఊరి పేరే చెప్పింది, ప్లాట్‌ఫారం చెప్పింది. జనమంతా ఒక్కసారిగా లేచి, సంచీలు భుజాన వేసుకుని, తోసుకుంటూ వెళ్ళి ఎక్కేశారు. ఎవరూ పైకి చూడలేదు.

సన్నకుట్టు వాళ్ళ వెనకాల ఎక్కలేదు. బస్సు ముందుకి నడిచి వెళ్ళి, తలెత్తి, బోర్డు మీది అక్షరాలు మొదటి నుంచి చివరిదాకా కూడబలుక్కుని చదివింది. డ్రైవరుని కూడా అడిగింది. ఆ తర్వాతే ఎక్కింది.